తొమ్మిదేళ్ళ ఒరిజినల్

పెద్దవాళ్ళు ఏడీహెచ్‌డీ పరీక్షకి వచ్చేటప్పుడు ఆధార్ కార్డు జెరాక్సునీ, రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోల్నీ, తొమ్మిదేళ్ళ వయసులో ఉన్న తమనీ వెంట తెచ్చుకోవాలని పెద్దాసుపత్రి పదహారో నంబరు గది బయట పచ్చరంగుతో రాసి ఉంది. దాని కిందే, ఫోటోలకి పిన్ను కొట్టరాదని ఎర్రరంగుతో రాశారు. జనం ఎక్కువగా తప్పు చేసేది ఆ పిన్ను విషయంలోనే.

నిబంధనలో అన్యాయమేమీ లేదు. మనసు ఒకచోట నిలవని ఈ ఇబ్బంది నిన్న మొన్న పుట్టుకొచ్చింది కాదనీ, చిన్నప్పటి నుంచీ ఉన్నదేననీ రుజువు కావాలి. తల్లిదండ్రుల్ని అడిగితే మా పిల్ల బంగారం అంటారు. పాత ప్రోగ్రెస్ కార్డులేమో చెదపురుగులు చదివేసి ఉంటాయి. అందుకని ఆ పిల్లనో పిల్లాణ్ణో స్వయంగా తీసుకొచ్చి చూపించమంటారు. చాలామందికి ఇది పెద్ద పనేం కాదు. కొందరికి అమ్మమ్మగారింట్లో దొరుకుతారు, కొందరికి సొంత ఇంట్లోనే మంచం కింద దొరుకుతారు. ఒక బ్యాంకు మేనేజరు గారైతే తన తొమ్మిదేళ్ళవాణ్ణి ఎప్పుడూ జేబులోనే పెట్టుకు తిరుగుతాడని ఆ వరండాలో చెప్పుకుంటారు.

గుడిమెట్ల హైమావతి మాత్రం నాలుగో తరగతి గ్రూపు ఫోటో పట్టుకొచ్చింది. రెండో వరసలో ఎడమ నుంచి మూడో పిల్ల తనేనని కౌంటర్లో చూపించింది. నిజానికి ఆ పిల్ల మొహం సగమే పడింది, ఫోటో తీసే సమయానికి ఎటో చూస్తోంది.

“ఒరిజినల్ తేవాలమ్మా. ఫోటో చెల్లదు,” అన్నాడు గుమాస్తా.

హైమావతికి నలభై ఒకటి. మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్లో జూనియర్ అసిస్టెంటు. పని చేతకాక కాదు గానీ, ఒక పని మొదలెడితే అది పూర్తయ్యేలోగా ఆవిడ మనసు మరో మూడు పనులు చుట్టబెట్టి వస్తుంది. కిందటి నెల ఒకాయన తన కొడుక్కి జనన పత్రం కావాలని వస్తే, ఆ పసివాడి పేరున మరణ పత్రం చేసి ఇచ్చింది. ఆయన లబోదిబోమంటే ఎంతో నొచ్చుకుని, క్షమాపణ చెప్పి, సరిచేసి మరో పత్రం ఇచ్చింది. అది ఆయన పేరున ఇచ్చిన మరణ పత్రం. దాంతో మూడో మెమో వచ్చింది. ముప్ఫై రోజుల్లోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే నాలుగోసారి మెమో ఉండదు, ఉద్యోగమే ఉండదు. అందులో పద్దెనిమిది రోజులు ఆ మెమో ఎక్కడ పెట్టిందో వెతకడానికే సరిపోయాయి.

కుక్కర్ పెట్టి ఫోన్లో ఒక వీడియో చూస్తుంటే, ఇలాంటి మనుషులకి ఒక పేరుందనీ, పరీక్షలున్నాయనీ, మందులున్నాయనీ తెలిసింది. వీడియో అయ్యేసరికి కుక్కర్ మాడిపోయింది. ఆ లక్షణం కూడా వీడియోలో ఉంది. భర్త శేషగిరికి చెబితే, ఆ మాటకొస్తే నాకూ అన్నీ గుర్తుండవు, నేనేమైనా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నానా అని, తన కళ్ళజోడు ఎక్కడుందో ఆవిణ్ణే అడిగాడు. అయినా హైమావతికి ఆశ పుట్టింది. ఒక్క సర్టిఫికెట్టు వస్తే మెమోకి జవాబవుతుంది. అంతకన్నా, నువ్వు బద్ధకస్తురాలివీ కావు, నిర్లక్ష్యం మనిషివీ కావు అని ఎవరైనా ఒక స్టాంపు గుద్ది చెబితే వినాలని ఆవిడకి చాలా ఏళ్ళుగా ఉంది.

“చివరిసారి ఎక్కడ చూశారు?” అని గుమాస్తా అలవాటైన ఓపికతో అడిగాడు.

ఆవిడ ఆలోచించింది. ఈ జీవితంలో గొడుగులు పోగొట్టుకుంది, ఫోన్లు పోగొట్టుకుంది, ఒక చెవి దుద్దు పోగొట్టుకుంది. ఇదొకటి కూడా పోయిందన్న సంగతే ఇన్నాళ్ళూ గమనించలేదు. ముంతలపాలెం బడి, నాలుగో తరగతి, మధ్యాహ్నం. ఎక్కాల పుస్తకం మర్చిపోయి వచ్చినందుకు వేదవతి టీచరు గోడకుర్చీ వేయించింది. వీపు గోడకి ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో ఉన్నట్టు మోకాళ్ళు వంచి ఉండటం గుర్తుంది. టీచరు లెమ్మనడం మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు. మరి ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తిని, పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని, ఉద్యోగం తెచ్చుకున్నదెవరో ఆవిడకే అర్థం కాలేదు.

“అయితే అక్కడే ఉంటుందండీ. లెమ్మనకపోతే వాళ్ళు కదలరు,” అన్నాడు గుమాస్తా, తర్వాతి టోకెను పిలుస్తూ.

ముంతలపాలెం బడికి ఇప్పుడు దైవకృప మాస్టారు హెడ్మాస్టరు. పద్ధతైన మనిషి. హైమావతి వచ్చిన పని చెప్పగానే నాలుగో తరగతి గదిలోకి తీసుకెళ్ళాడు. గోడ పొడుగునా తొమ్మిదిమంది పిల్లలు మోకాళ్ళు వంచి వరసగా ఉన్నారు. నిక్కర్ల మోడల్ని బట్టి ఎవరు ఏ కాలంవాళ్ళో తెలిసిపోతోంది. కిటికీ పక్కన, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని, మోచేతి దాకా సుద్దపొడితో ఆవిడ పిల్ల ఉంది. ముప్ఫై రెండేళ్ళుగా గోడకి ఆనుకున్నందుకు వెనక సున్నం కాస్త నున్నబడింది, అంతే.

చిక్కు వేరేచోట ఉంది. బడిలో ఇరవైమందికి తగ్గితే పక్కూరి బడిలో కలిపేస్తారు. బెంచీల మీద పదకొండుమంది, గోడలకి తొమ్మిదిమంది, మొత్తం సరిగ్గా ఇరవై. ఒక్క పిల్లకి టీసీ ఇచ్చినా బెంచీల మీది పదకొండుమందీ రోజూ హైవే దాటి నాలుగు కిలోమీటర్లు నడవాలి. దైవకృప మాస్టారు ఈ లెక్క బోర్డు మీద వేసి మరీ చూపించాడు.

“టీసీ ఇవ్వలేనమ్మా. చేబదులుగా తీసుకెళ్ళండి. రేపు లాంగ్ బెల్లు కల్లా తెచ్చి గోడకి అప్పగించాలి,” అన్నాడు.

పూచీకత్తు కాగితం మీద ఆవిడ సంతకం పెట్టింది. నాలుగు వాక్యాలు దాటిన కాగితాన్ని ఆవిడెప్పుడూ చివరిదాకా చదవలేదు. ఇప్పుడూ చదవలేదు.

“లే అమ్మాయ్, వెళ్దాం,” అంది పిల్లతో.

“టీచరు లెమ్మనలేదు ఆంటీ,” అంది పిల్ల. హైమావతికి మిగతాదంతా మామూలుగానే అనిపించింది గానీ, ఆ ఆంటీ అన్న పిలుపు మాత్రం గుచ్చుకుంది.

కూర్చున్న భంగిమలోనే ఎత్తి చంకన పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరు అర టికెట్టు కొట్టి, ఈ పాపకి సీటు అక్కర్లేదు కాబట్టి డ్రైవరు వెనక అద్దానికి ఆనించమన్నాడు. ఇంట్లో ఫ్రిజ్ పక్క గోడకి చేర్చింది. పొద్దున్నే శేషగిరి పేపరు చదువుతూ పిల్ల మోకాళ్ళ మీద ఇడ్లీ పళ్ళెం పెట్టుకుని తిని, ఈ బల్ల ఎంతకి కొన్నావని అడిగాడు. హైమావతి జవాబు చెప్పబోయి, ఈలోగా పాలవాడు పిలిస్తే వెళ్ళిపోయింది.

పదహారో నంబరు గదిలో డాక్టర్ నూర్జహాన్ మంచి మనిషి. రోజుకి నలభై టోకెన్లు చూస్తూ కూడా ముందు కూర్చోమంటుంది. పిల్లని గోడకి ఆనించారు. ఫారంలో పద్దెనిమిది ప్రశ్నలున్నాయి. డాక్టరు పిల్లని ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది, కిటికీలోంచి ఒక పిచ్చుకని కూడా చూపించింది. పిల్ల కళ్ళు పిచ్చుక వైపు వెళ్ళబోయి, మళ్ళీ బుద్ధిగా ఎదురు గోడ మీదికి వచ్చాయి.

“కూర్చున్నచోట కుదురుగా ఉండలేకపోవడం, లేదు,” అని రాసింది డాక్టరు. “ముప్ఫై రెండేళ్ళుగా కదల్లేదంటున్నారు కదా. చెప్పిన పని పూర్తి చేయలేకపోవడం, అదీ లేదు. చెప్పినదే ఇంకా చేస్తోంది.”

“లోపల ఊరుకోదండీ. ఇప్పుడు కూడా ఆ పిచ్చుక గురించే ఆలోచిస్తోంది. నాకు తెలుసు,” అంది హైమావతి.

“నాకూ తెలుసమ్మా,” అంది డాక్టరు, కలం మూత పెడుతూ. మగపిల్లలు ఫ్యాను పట్టుకుని వేలాడతారనీ, వాళ్ళకి రెండు నిమిషాల్లో రాసిచ్చేయవచ్చనీ, ఇలా గోడకి అంటుకుపోయిన ఆడపిల్లలే రోజుకి పదిమంది వచ్చి ఖాళీ ఫారంతో తిరిగి వెళ్తున్నారనీ చెప్పింది. ఫారంలో కనిపించినదే రాయాలి, ఊహించినది రాయడానికి గడి లేదు. పిల్ల లేస్తే నాలుగు గంటల్లోపు మళ్ళీ తీసుకురమ్మంది.

లెమ్మనాల్సింది వేదవతి టీచరు. అదృష్టం కొద్దీ ఆవిడ ఈ ఊళ్ళోనే, ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఉంటోంది. రిటైరై ఇరవై ఏళ్ళయింది. హైమావతి పిల్లని చంకనేసుకుని వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది, తాళంచెవి బయటే వేలాడుతోంది. గోడలనిండా చీటీలు. గ్యాసు కట్టేయాలి. మోటారు ఆపాలి. వచ్చినవాళ్ళ పేరు అడగాలి. అద్దం మీద పెద్దక్షరాలతో, చీటీలు చదవాలి, అని మరో చీటీ. టీచరు మెడలో ఒక కళ్ళజోడు వేలాడుతోంది, నెత్తి మీద ఇంకొకటి ఉంది, మూడోదాని కోసం సోఫా కింద వెతుకుతోంది.

కూర్చోబెట్టి టీ పెడతానని లోపలికెళ్ళి, ఎందుకెళ్ళిందో మర్చిపోయి దువ్వెనతో తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, పాలు పొంగిపోయాయి. మూడోసారి టీ పెట్టనా అని అడిగినప్పుడు హైమావతి పిల్లని గోడకి ఆనించి, సంగతంతా చెప్పింది. ఎక్కాల పుస్తకం, నాలుగో తరగతి, గోడకుర్చీ, లెమ్మనకపోవడం.

టీచరు రెండు కళ్ళజోళ్ళూ పెట్టుకుని పిల్లని చూసింది. చాలాసేపు చూసింది. ఆ రోజు ఆవిడకి కొంచెం కొంచెంగా గుర్తొచ్చింది. బస్సులో సంచి మర్చిపోయానని మధ్యాహ్నం మధ్యలో తట్టిందట. పిల్లల హాజరు పట్టీ అందులోనే ఉందట. ఇప్పుడే వస్తానని క్లాసులో చెప్పి బస్టాండుకి పరిగెత్తి, సంచి వెతికి, అక్కడ ఇంకెవరో కనపడితే మాట్లాడి, అటునుంచి అటే ఇంటికెళ్ళిపోయిందట.

“మర్చిపోయిందని దీనికి శిక్ష వేశాను. వేశానని నేను మర్చిపోయాను,” అంది టీచరు. ఆవిడ సోఫాలో కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటే, హైమావతికి కోపం తెచ్చుకుందామనిపించింది గానీ రాలేదు. ఎదురుగా ఉన్నదీ తనలాంటి మనిషే. టీచరు లేచి వచ్చి పిల్ల తల మీద చెయ్యి వేసింది.

“లే తల్లీ. ఇంటికి పో.”

పిల్ల మోకాళ్ళు టకటకమన్నాయి. లేచి నుంచుంది. ఒళ్ళు విరుచుకుంది. ఆ తర్వాత ఏది ముందో ఏది వెనకో చెప్పడం కష్టం. సొరుగులన్నీ తెరిచింది. మూడో కళ్ళజోడు బియ్యం డబ్బాలో కనిపెట్టింది. ఈ ఫ్యాను ఎందుకు చప్పుడు చేస్తోంది, పిచ్చుక ఎక్కడ పడుకుంటుంది, ఆంటీ నీకెందుకు తెల్లవెంట్రుకలున్నాయి అని జవాబుల కోసం ఆగకుండా అడిగింది. అన్ని చీటీలూ గట్టిగా చదివి, ఆ ఊపులో వీధిలోకి పరిగెత్తి, పుల్లైసు బండి వెనకాల పడింది. హైమావతికి ఆ పిల్లని చూస్తుంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్నాళ్ళయిందో అలా పరిగెత్తి.

వెళ్ళబోతుంటే గుమ్మంలో టీచరు చెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, ఆ ఫారం ఇంకోటి దొరుకుతుందా?”

తొమ్మిదేళ్ళ ఒరిజినల్ ఎక్కడుందని హైమావతి అడిగింది. వాళ్ళ బడిలో మోకాళ్ళ మీద నిలబెట్టారట. నిలబెట్టిన మాస్టారు పోయి నలభై ఏళ్ళయిందట.

“అయితే కుదరదండీ,” అంది హైమావతి. తన నోట గుమాస్తా మాట రావడం ఆవిడకే వినపడింది. టీచరు తలూపి, ఆ సంగతి మర్చిపోకుండా ఒక చీటీ మీద రాసుకుని గోడకి అంటించింది.

పదహారో నంబరు గదిలో రెండోసారి పది నిమిషాలు కూడా పట్టలేదు. పిల్ల టోకెన్ల చుట్టని వరండా చివరిదాకా విప్పి, స్టాంపు ప్యాడులో రెండు చేతులూ అద్ది, మధ్యలో డాక్టరు చెప్పేదానికి అడ్డొచ్చి ఆవిడ వాచీ ఎవరు కొన్నారని అడిగింది. పద్దెనిమిదింట పదహారు గడుల్లో టిక్కు పడింది. సర్టిఫికెట్టులో, బాల్యం నుంచి ఉన్నది, వ్యక్తి నిర్లక్ష్యం వల్ల కలిగినది కాదు, అని రాసి గుండ్రటి స్టాంపు వేశారు. హైమావతి ఆ ఒక్క ముక్కే నాలుగుసార్లు చదువుకుంది. జీవితంలో చివరిదాకా చదివిన మొదటి కాగితం అదే. మందులు స్టాకు లేవు, ఇండెంటు పెట్టారు. ఆఫీసులో కల్పించాల్సిన సదుపాయాలు మాత్రం వెనక పేజీలో ఉన్నాయి. కిటికీకి దూరంగా గోడ పక్కన చోటు, రాతపూర్వకంగా పని, మధ్యమధ్య లేచి తిరగనివ్వడం.

ముంతలపాలెం బస్సు మూడుంబావుకి. స్టాండులో బస్సు నిలబడి ఉంది, టైముంది.

“మళ్ళీ గోడకేనా ఆంటీ?” అంది పిల్ల, పుల్లైసు చీకుతూ.

బస్సు హారను కొట్టింది. హైమావతి సంచిలో చిల్లర వెతికింది, చాలాసేపు వెతికింది. బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ మర్చిపోయిందని అందరూ అనుకున్నారు. ఆవిడ కాదనలేదు. నలభై ఒక్కేళ్ళలో మతిమరుపు మనిషన్న పేరు ఆవిడకి మొదటిసారి అక్కరకొచ్చింది.

సోమవారం పొద్దున దైవకృప మాస్టారు మునిసిపల్ ఆఫీసుకి వచ్చాడు. గొడవపెట్టలేదు, పూచీకత్తు కాగితం మడత విప్పి చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. పిల్లను అప్పగించని పక్షంలో ఆ ఖాళీని సంతకం చేసినవారే భర్తీ చేయవలెను. పదకొండుమంది పిల్లల పేర్లు కూడా వరసగా చెప్పాడు. అందులో ఇద్దరు కవలలు, ఒకడికి కాలు బాగోదు. హైమావతికి ఆ హైవే గుర్తుంది. కాదనలేకపోయింది. కానీ బడి గోడకి వెళ్తే ఆఫీసుకి గైరుహాజరు, ఆఫీసుకి గైరుహాజరైతే ఉద్యోగం పోతుంది.

దారి చూపించింది సూపరింటెండెంటు పట్టాభిరామయ్య గారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకి తెలియని డెప్యుటేషను లేదు. బడి హాజరు పట్టీలో పేరుకి గడి ఉంది గానీ వయసుకి గడి లేదు. కాబట్టి గుడిమెట్ల హైమావతి ముంతలపాలెం బడి విద్యార్థినిగా గోడకుర్చీలో కొనసాగుతూ, డెప్యుటేషను మీద మునిసిపల్ ఆఫీసు గోడకి హాజరు కావచ్చు. నెలకోసారి ఆయన హాజరు ధ్రువీకరించి బడికి పంపుతారు. బడికి ఇరవైమందీ ఉంటారు, ఆఫీసుకి మనిషి ఉంటుంది. డాక్టరమ్మ రాసిన సదుపాయమూ కల్పించినట్టే. కిటికీకి దూరంగా గోడ చూశారు. కుర్చీకి ఇండెంటు పెట్టారు గానీ, గోడకుర్చీలో ఉన్న మనిషికి కుర్చీ ఎందుకని ఆడిట్లో అభ్యంతరం రావచ్చని దాన్ని పక్కన పెట్టారు. లేచి తిరగడం మాటకొస్తే, లెమ్మనేదాకా లేవరాదన్న బడివాళ్ళ నిబంధన ఆసుపత్రి సిఫారసుకన్నా పాతది, కాబట్టి అదే చెల్లుతుంది.

హైమావతి వీపు ఆనించి మోకాళ్ళు వంచింది. ఒళ్ళు మర్చిపోలేదు. ఫైళ్ళు ఆవిడ మోకాళ్ళ మీదే పెడుతున్నారు. నెల తిరిగేసరికి ఒక్క పసివాడు కూడా పొరపాటున చనిపోలేదు. మూడో మెమో ఉపసంహరించారు. ఈవిడ ఎంత కుదురుకుందో చూడండని పట్టాభిరామయ్య గారు కొత్తగా చేరినవాళ్ళకి చూపిస్తుంటారు. శేషగిరి కూడా మెచ్చుకున్నాడు, మొదటి నుంచీ ఇలాగే ఉంటే ఆసుపత్రులు తిరిగే పని ఉండేది కాదన్నాడు.

మొన్న శుక్రవారం ఐదున్నరకి పట్టాభిరామయ్య గారు గొడుగు తీసుకుని, గొడుగు తీసుకున్నానా అని అందర్నీ అడిగి, ఇంటికి వెళ్ళిపోయారు. రోజూ చెప్పినట్టు హైమావతిని లెమ్మని చెప్పడం మర్చిపోయారు. ఆయన్ని అని లాభం లేదు, ఆయనకీ బోలెడు పనులు. కాసేపటికి పిల్ల గంతులేసుకుంటూ వచ్చింది. ఒక జడ ఊడింది, జేబులో ఎవరిదో తాళంచెవి.

“ఇంటికి రావా ఆంటీ?”

“సారు లెమ్మనలేదమ్మా.”

“నేను అంటే చాలదా?”

“శిక్ష నువ్వు వేయలేదుగా,” అంది హైమావతి. అని, తప్పుగా అన్నట్టు తోచి సర్దుకుంది. “శిక్ష కాదులే. సదుపాయం.”

పిల్ల ఆ మాట గురించి ఆలోచించింది. బయట ఏదో పిట్ట అరిస్తే అటు చూసింది. ఇక్కడ ఆంటీ ఒక్కతే ఉంది. పిల్ల తాళంచెవి కింద పెట్టి, పక్కన గోడకి వీపు ఆనించి, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళు వంచింది. హైమావతి వద్దని చెప్పబోయింది. ఈలోగా వాచ్‌మన్ తలుపులు మూయడానికొచ్చి ఇద్దర్నీ చూశాడు, ఫ్యాను ఉంచనా కట్టేయనా అని అడిగాడు. ఉంచమంది. అతను తల పంకించి, గోడ పొడుగునా ఉన్న ఖాళీ చూసి, సోమవారం ఇదే సదుపాయం మీద ఇంకో నలుగురు వస్తున్నారని చెప్పి వెళ్ళాడు.